అమ్మ వేలిముద్ర వేసిన ఇల్లు

మా ఇంట్లో వడ్డీ అనే మాట ఎవరూ పలికేవారు కాదు. పలకక తప్పనప్పుడు బాపు సూద్ అనేవాడు, అదీ గొంతు తగ్గించి, బంధువుల్లో ఎవరికో చెడ్డ రోగం వచ్చిందని చెప్తున్నట్టు. అలాంటి మనిషి పోయే ముందు ఏడాదికి పైగా రోజూ పొద్దున చాయ్ హోటల్లో టీవీ ముందు కూర్చొని రెపో రేటు తగ్గిందా అని పక్కవాళ్లను అడిగేవాడు. పరుపులు కుట్టుకునే ముసలాయనకు రెపో రేటుతో ఏం పని అని వాళ్లు నవ్వేవారు. ఆయనకు ఆ పని పెట్టింది నేనే. ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

మేం తెలుగు మాట్లాడే ముసల్మానులం. మా సొంతూరు పరకాల పక్కన. పెళ్లయ్యాక బాపు వరంగల్ వచ్చి కరీమాబాద్‌లో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకొని దూది ఏకి, పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి మమ్మల్ని సాకాడు. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. మా వంశంలో జీతపు చిట్టీ చూసిన మొదటివాణ్ని నేనే, అందుకు మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

బాపుకు బ్యాంకులో చిన్న పొదుపు ఖాతా ఉండేది. ఏడాదికోసారి పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టేవాడు. అందులో బ్యాంకు కలిపిన వడ్డీ ఎక్కడుందో వెతికి, దాని కింద పెన్సిల్‌తో గీత గీయడం నా వంతు. గీత గీసిన డబ్బంతా తీసేసి బస్టాండు దగ్గర మరుగుదొడ్డికి తలుపు పెట్టించడానికో, గల్లీలో మోరీ మీద బండ వేయించడానికో ఇచ్చేసేవాడు. సూద్ తినడం మా మతంలో పాపం, దాంతో ఒక పూట అన్నం కూడా ఎవరికీ పెట్టకూడదట. ఇచ్చినందుకు పుణ్యం వస్తుందని మనసులో అనుకున్నా తిన్నట్టేనట. డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఇదంతా నామోషీగా ఉండేది. దోస్తులు బర్త్‌డేలకు డబ్బులు ఖర్చు పెడుతుంటే మా నాయిన మరుగుదొడ్డి తలుపులకు పెడుతున్నాడని చెప్పుకోలేక చచ్చేవాణ్ని.

అమ్మకు చదువు రాదు. కానీ ఆమెతో వేలిముద్ర వేయించుకోవడం అంత తేలిక కాదు. రేషన్ డీలరైనా, గ్యాసు వాడైనా, బడిలో పంతులైనా కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాల్సిందే. చదివేవాడు మధ్యలో రెండు లైన్లు మింగేస్తే, ఎట్లా తెలిసేదో గానీ, మళ్లీ మొదటి నుంచి చదవమనేది. వెనక లైనులో నిలబడ్డవాళ్లు తిట్టుకునేవారు. బాపు ఒక పక్కకు నిలబడి మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆమెకు ఇంటి మీద ఆశ పుట్టింది నాయినమ్మ చనిపోయిన రోజు. అప్పుడు మేం మట్టెవాడలో కిరాయికి ఉండేవాళ్లం. నాయినమ్మ దవాఖానలో పోయింది. ఆటోలో తీసుకొచ్చేసరికి ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు, మాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. కిరాయి ఇంట్లోకి శవాన్ని తేకూడదని చేతులు పట్టుకొని బతిమిలాడాడు. ఈ కట్టుబాటుకు మతంతో పనిలేదు, మా ఊళ్లో ఎవరి ఇంట్లో ఉన్నా ఇదే మాట. కొందరైతే మనిషి మంచం పట్టగానే ఖాళీ చేయమంటారు. చివరికి నాయినమ్మకు మసీదు వెనక రేకుల చాటున స్నానం చేయించాం. ఆడవాళ్లు నాలుగు చీరలు అడ్డం పట్టుకున్నారు. అమ్మ ఒక చీర కొస పట్టుకొని నిలబడింది. ఆ రోజు నుంచి ఆమెకు సొంత ఇల్లంటే ఉండే ఇల్లు కాదు, పోయే ఇల్లు.

లాక్‌డౌన్లు అయిపోయాక మడికొండ వైపు రెండు గదుల ఇల్లు ఒకటి బేరానికి వచ్చింది. బ్యాంకులో వడ్డీలు ఎన్నడూ లేనంత తక్కువగా ఉన్నాయని కాలేజీలో అందరూ లోన్ల వెంట పడ్డారు. దానికితోడు కేంద్రం నుంచి వడ్డీ రాయితీ. ఆ రాయితీ రావాలంటే ఇంటి కాగితాల్లో ఆడమనిషి పేరు ఉండాలి. నా భార్య పేరు పెడితే సరిపోయేది. నేను గొప్పకు పోయి అమ్మ పేరు పెట్టించాను. అమ్మకు ఇల్లు కొనిచ్చిన కొడుకు అని నలుగురూ అనాలని ఉండింది నాకు.

బాపు నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఇంటి మీద సూద్ ఉన్నదారా?"

"లేదు బాపు. కాలేజీల అడ్వాన్స్ ఇస్తాండ్రు. జీతంల కోసుకుంటరు."

నమ్మాడు. నేను చెప్తే ఆయన నమ్మేవాడు. పెన్సిల్ గీతలు గీసిన కొడుకును కదా.

అమ్మను బ్యాంకుకు తీసుకుపోయాను. ఆఫీసరు సిరా డబ్బా ముందుకు జరిపితే ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని చదవమంది. ఆయన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గొణిగాడు. తెలుగులో చెప్పు సారూ అంది. ఆయనకు విసుగొచ్చినా చెప్పాడు. వడ్డీ అన్న మాట వచ్చినప్పుడు ఆమె ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. నేను టేబుల్ మీది పెన్ స్టాండును చూస్తూ కూర్చున్నాను. పేజీలన్నీ అయ్యేదాకా విని వేలిముద్రలు వేసింది. బయటికొచ్చి ఆటో ఎక్కాక చీర కొంగుతో సిరా తుడుచుకుంటూ అంది.

"మీ బాపుకు చెప్పకు. కిరాయి ఇంట్ల సావద్దని ఉన్నది నాకు. తప్పుంటే నా మీదికే రానీ."

కొత్త ఇంట్లో ఆమె ఏడాదిన్నర ఉంది. గుండెపోటుతో ఒక శుక్రవారం మధ్యాహ్నం పోయింది. సొంత వాకిట్లో, సొంత నల్లా నీళ్లతో స్నానం చేయించుకొని, సొంత గడపలోంచి వెళ్లింది. ఎవరూ గేటుకు అడ్డం నిలబడలేదు. ఏడుస్తూనే, మంచి పని చేశాను అనుకున్నాను. ఆ తర్వాత ఏడాది వరకూ అలాగే అనుకున్నాను.

పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఎండలు మండిపోతున్నాయి. మైకుల ఆటోలు గల్లీ గల్లీ తిరుగుతూ ఇళ్లు లేనివాళ్లకు ఇళ్లు, లోన్లున్న వాళ్లకు తక్కువ వడ్డీలు అంటూ చెవులకు చిల్లులు పొడిచేవి. ఒకరు కట్టించామంటే ఇంకొకరు కట్టించలేదనేవారు. ఈసారి పార్టీలు కొత్త పని మొదలుపెట్టాయి. సర్కారు పథకాల్లో లాభం పొందినవాళ్ల జాబితాలు ఎక్కణ్నుంచో సంపాదించి, ఇంటింటికీ తిరిగి, మీకు ఇది వచ్చింది మా వల్లే, గుర్తుంచుకోండి అని చెప్పి, ఫోటో తీసుకొని పోవడం.

ఆ రోజు నేను కాలేజీలో ఉన్నాను. బాపు ఎండకు షెడ్డుకు పోకుండా ఇంటి ముందు నీడలో కూర్చొని దిండు కుడుతున్నాడట. కండువాలు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఫోన్‌లో చూసి అమ్మ పేరు చదివారట. చాచా, ఈమె ఉన్నదా, ఈమె ఇంటి లోను వడ్డీకి రాయితీ వచ్చింది కదా, ఒక ఫోటో తీసుకుంటాం అన్నారట. బాపు మళ్లీ చదవమన్నాడట. మూడోసారి కూడా చదివించుకున్నాడట. ఆమె చనిపోయి ఏడాదైందని చెప్పి, మంచినీళ్లిచ్చి పంపాడట. ఇదంతా నా భార్య కిటికీలోంచి చూసి నాకు ఫోన్ చేసింది.

సాయంత్రం నేను వచ్చేసరికి బాపు గేటు బయట, రోడ్డు మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. దిండు, సూది, దారం సంచిలో సర్దుకొని ఒడిలో పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. మూడేళ్ల కింద అడిగిన మాటే అడిగాడు.

"ఇంటి మీద సూద్ ఉన్నదారా?"

తలూపాను. తర్వాత రెండో మాట అడిగాడు.

"మీ అమ్మకు తెలుసా?"

సూద్ తీసుకున్నవాడు, ఇచ్చినవాడు, రాసినవాడు, సాక్ష్యం ఉన్నవాడు అందరూ ఒకటేనని ఆయన మా చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. తెలియక చేసినదానికి లెక్క లేదనీ చెప్పేవాడు. అమ్మకు తెలియదంటే ఆమె మీద ఏమీ లేదు. తెలుసంటే, చనిపోయిన మనిషి ఇంక దాన్ని కడుక్కోలేదు. నాకు ఆటోలో సిరా తుడుచుకున్న ఆ వేలు గుర్తొచ్చింది.

"తెల్వది బాపు. ఇల్లు కాయితం అని చెప్పిన. వేలు పెట్టింది."

"అయితే నీదే తప్పు."

"నాదే."

ఆయన లేచి సంచి భుజాన వేసుకున్నాడు. సూద్ ఉన్న ఇంట్లో నిద్ర పట్టదని, షెడ్డులో పడుకుంటానని నా భార్యకు చెప్పి వెళ్లిపోయాడు. వెనకాలే నడిచాను. ఆటో ఎక్కేముందు ఒక్కసారి ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు.

"తిన్న సూద్ అయితే కక్కొచ్చురా. కట్టిన సూద్ ఎట్ల వాపస్ తెస్తవ్?"



మర్నాటి నుంచి ఆయనకు ఒకటే పట్టుదల. ఆ జాబితాలోంచి, లోను కాగితాల్లోంచి అమ్మ పేరు తీయించాలి. మరణ ధ్రువపత్రం పట్టుకొని మున్సిపల్ ఆఫీసుకు నన్ను లాక్కుపోయాడు. అక్కడి ఉద్యోగి ఎన్నికల కోడ్ ఉంది, ఫలితాలు వచ్చేదాకా ఏ జాబితానూ ముట్టుకోము అన్నాడు. ఓట్లడగడానికి ఇంటింటికీ తిరిగినప్పుడు ముట్టుకోవచ్చు, చనిపోయినవాళ్ల పేరు తీయడానికి మాత్రం కోడ్ అడ్డమొచ్చింది. నాకు ఒళ్లు మండి రెండు మాటలన్నాను. బాపు నన్ను చెయ్యి పట్టి బయటికి తెచ్చాడు.

బ్యాంకుకు వెళ్తే లోను తీరేదాకా కాగితాలు మార్చడం కుదరదన్నారు. బాపు ఇంకా ఎన్నేళ్లు అని అడిగాడు. పదిహేనేళ్ల లోను, మూడేళ్లు కట్టాను, పన్నెండు అని నేనే చెప్పబోయాను. ఆఫీసరు కంప్యూటర్లో చూసి పద్దెనిమిది అన్నాడు.

నేను తప్పు చూశారేమో అన్నాను. ఆయన తెర నా వైపు తిప్పాడు. రేటు పెరిగినప్పుడల్లా నెల వాయిదా పెంచలేదు, గడువు పెంచుతూ పోయారు. మెసేజీలు వచ్చాయట. వచ్చే ఉంటాయి. నెలనెలా కోత మారలేదు కదా అని నేను ఒక్కటీ తెరిచి చూడలేదు. ఇరవై ఏళ్ల కింద పాస్‌బుక్‌లో ఒక్క రూపాయి వడ్డీని వదలకుండా పట్టుకున్న నేను, నా సొంత అప్పు ఆరేళ్లు పొడుగవుతుంటే గమనించలేదు. బాపు తన డెబ్బై రెండేళ్లకు పద్దెనిమిది కలుపుకొని లేచాడు.

ఆ వేసవి నుంచి ఆయన మళ్లీ పనిలో దిగాడు. మానేసిన బేరాలన్నీ ఒప్పుకున్నాడు. హాస్టళ్ల పరుపులు, పెళ్లిళ్ల పరుపులు, ఏది వస్తే అది. దూది దుమ్ముకు దగ్గు పట్టుకున్నా మానలేదు. నెలాఖరున డబ్బు రుమాలులో కట్టి నా చేతికిచ్చేవాడు.

"అసలుకే కొట్టమను. సూద్‌ల కలవద్దు."

ముందుగా కట్టేది అసలులోకే పోతుందని ఎన్నిసార్లు చెప్పినా, ఇచ్చిన ప్రతిసారీ ఇదే మాట. నేను కట్టి రసీదు తెచ్చి, అసలు ఎక్కడ తగ్గిందో చూపించాలి. ఒకసారి ఆయన జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. కింద గీత గీసి ఇచ్చాను.

రేట్ల పిచ్చి కూడా అప్పుడే పట్టుకుంది. రెపో రేటు తగ్గితే లోను వడ్డీ, దాంతో గడువు తగ్గుతాయని బ్యాంకులో విన్నాడు. ఎన్నికల తర్వాత ఎవరు వచ్చినా వడ్డీలు తగ్గిస్తారని చాయ్ హోటల్లో ఎవరో చెప్పారు. ఓటు వేసే ముందు రోజు నన్ను పిలిచి, వీళ్లలో సూద్ తగ్గించేది ఎవరని అడిగాడు. జీవితంలో ఎన్నడూ ఫలానా వాళ్లకు వెయ్యనా అని ఎవర్నీ అడగని మనిషి. అది ఏ పార్టీ చేతిలో పని కాదు బాపు, బొంబాయిలో రిజర్వు బ్యాంకు కమిటీ ఒకటి కూర్చొని చేస్తుందని చెప్పాను. అయితే వాళ్లకే ఓటెయ్యాలె గదా అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. గెలిచినవాళ్లు బ్యాండు కొట్టించుకున్నారు. పట్టణాల్లో మధ్యతరగతికి కొత్త ఇళ్ల పథకం అని టీవీలో వచ్చింది. ఇదివరకు ఒకసారి రాయితీ తీసుకున్నాం కాబట్టి అది మాకు వర్తించదు. ఆ జాబితా పట్టుకొని తిరిగినవాళ్లు మళ్లీ కనిపించలేదు. కోడ్ ఎత్తేశాక మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే ఆ జాబితా మా దగ్గరిది కాదు, పార్టీవాళ్లదై ఉంటుందన్నారు. రెపో రేటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది. ఓటేసినం గదా, ఇంకా తగ్గకపోవడమేందని బాపు నన్ను నిలదీసేవాడు, నేనేదో ఆపి పెట్టినట్టు.

చలి వెనకబడ్డాక మొదటిసారి తగ్గింది. ఆ పొద్దున ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. బ్యాంకు దాన్ని అమలు చేయడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. గడువు ఎన్ని నెలలు తగ్గిందని అడిగితే ఎనిమిది అని చెప్పాను. షెడ్డులో దూది కుప్ప మీద ఒరిగి కూర్చొని వేళ్ల మీద ఎనిమిది లెక్కపెట్టాడు. సంతోషపడ్డాడని చెప్పలేను. ఆ నెల రెండు పరుపులు ఎక్కువ కుట్టాడు.

దగ్గు ముదిరి వానలు మొదలయ్యేసరికి మంచం పట్టాడు. ఊపిరితిత్తుల నిండా దూదే అన్నారు పెద్ద దవాఖానలో. పదకొండు రోజులు ఉంచుకొని, ఇంక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. షెడ్డు ఓనరు ముందు రోజే ఫోన్ చేసి పెద్దాయన్ని ఇక్కడికి మాత్రం తేవద్దని మర్యాదగానే చెప్పాడు. నాకు నాయినమ్మ గుర్తొచ్చింది, మసీదు వెనక పట్టుకున్న నాలుగు చీరలు గుర్తొచ్చాయి. ఆ రాతే మళ్లీ మా మొహాన ఉందనుకున్నాను. ఇంటికి రమ్మంటే బాపు రాడు. బలవంతంగా తెచ్చి, ఆఖరి ఊపిరి ఆయనకిష్టం లేని గోడల మధ్య తీయించే ధైర్యం నాకు లేదు.

దవాఖాన ముందు ఆటోలో కూర్చోబెట్టాక డ్రైవరు ఎక్కడికని అడిగాడు. నేను మసీదు పేరు చెప్పబోయాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"మీ అమ్మ ఇంటికి తీస్కపో."

"దాని మీద ఇంకా ఉన్నది బాపు. తీరలే."

"తెలుసు." దగ్గు ఆగేదాకా ఆగాడు. "మీ అమ్మ చదివిపిచ్చుకోకుంట ఏ కాయితం మీద వేలు పెట్టింది చెప్పు? తెలిసే పెట్టింది. అదొక్కతే ఎందుకు మొయ్యాలె? నాకు జర హిస్సా ఉండనీ."

ఆటో కదిలింది.

ఇంట్లో రెండు రోజులున్నాడు. అమ్మ పడుకున్న వైపే మంచం వేయించుకున్నాడు. సొంత వాకిట్లో స్నానం చేయించాం, సొంత గడపలోంచే జనాజా లేచింది. నలభై రోజులైనా కాకముందే గడువులో ఇంకో ఏడాది తగ్గిందని బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఈసారి తెరిచి చదివాను. అమ్మ పేరు ఇంకా ఆ కాగితాల్లోనే ఉంది.

నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వనిది అప్పు కాదు. అమ్మకు తెలియదని నేను అబద్ధం చెప్పిన సాయంత్రం, అది అబద్ధమని ఆయనకు అప్పుడే తెలుసు. రేషన్ షాపు లైనులో ఒక పక్కకు నిలబడి మీసాల్లో నవ్వుకున్న మనిషి ఆయన. తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనకుండా ఏడాదికి పైగా నెలనెలా రుమాలు విప్పి, అసలుకే కొట్టమను అని డబ్బు నా చేతిలోనే పెట్టాడు.